గుమ్మం బయటి పాలచెంబు

తలుపు చప్పుడు విని దేవదాసు గొళ్ళెం తీసేసరికి, చంకలో బిడ్డతో ఒక యువతి నిలబడి ఉంది. సన్నజల్లుకు ఆమె చీర కుచ్చెళ్ళు తడిసి కాళ్ళకు చుట్టుకుపోయాయి. బిడ్డ మీద మాత్రం చుక్క పడలేదు. రెండు తువ్వాళ్ళు, ఆపైన ఒక దుప్పటి కప్పింది.

“డిటెక్టివ్‌గారు ఉన్నారా? మా ఆయన్ని పోలీసులు తీసుకెళ్ళారండీ. మూడు హత్యలూ ఆయనే చేశారంటున్నారు.”

అది 1978, ఒమాన్‌లోని సలాలాలో వానాకాలం. ఆ రోజుల్లో కొండల మీంచి దిగే మంచు కొబ్బరితోటలను కప్పేస్తే ఎదుటి మనిషి కనిపించడు. కంపెనీ క్యాంపు పక్క తోటలో, ఆ మంచులోనే, గంగన్న, భీమన్న, లింగన్న అనే ముగ్గురు కూలీలు ఒకరి తర్వాత ఒకరు శవాలై దొరికారు. ముగ్గురికీ తల వెనకే దెబ్బ. క్యాంపులో మగవాళ్ళు కూడా ఒంటరిగా బయటికి రావడం మానేశారు.

జహీరుద్దీన్ ఒకప్పుడు హైదరాబాదు పోలీసు శాఖలో పనిచేశాడు. ఇప్పుడు ఒమాన్ రాజధాని పక్క రూవిలో ప్రైవేట్ డిటెక్టివ్. దేవదాసు అతని సహాయకుడు. ఓడ సరుకు కేసు మీద సలాలా వచ్చి, అది ముగించుకున్న ఇద్దరూ, మంచు వల్ల విమానం రాక గెస్ట్‌హౌస్‌లో చిక్కుకుపోయారు.

“కూసో చెల్లె. ముందుగాల చాయ్ తాగు,” అన్నాడు జహీరుద్దీన్. “దేవదాసూ, బిడ్డకు గాలి తగులుతది, ఆ కిటికీ మూయి.”

“మూసే ఉందండీ. వస్తూనే చూశాను,” అందామె.

ఆమె పేరు శేషుకుమారి, కాకినాడవైపు పిల్ల. భర్త విశ్వేశ్వరరావు ఆ కంపెనీలో సైట్ ఇంజనీరు. లింగన్న శవం పక్కన అతని టార్చిలైటు దొరికింది. ముందురోజు డ్యూటీలో లింగన్నను అతను కేకలేశాడని అందరూ సాక్ష్యం చెప్పారు.

“ఉరి వేస్తారంటున్నారండీ. పిల్లకి ఇంకా నాన్న మొహం గుర్తుపట్టడమే సరిగ్గా రాలేదు.”

“టార్చి ఇంట్ల ఎక్కడుంటది?”

“గుమ్మం పక్క మేకుకి వేలాడుతుంటుంది. అది కనపడకపోతే నేనే ఎక్కడో పెట్టాననుకున్నాను. పురుడొచ్చాక నాకు మతిమరుపు.”

“ఇంటికి ఎవరెవరొస్తరు?”

“బాబాయిగారొక్కరే. అదే, స్టోర్‌కీపర్ కామేశ్వరరావుగారు. సొంత బాబాయి కాదు, మా ఊళ్ళవైపు మనిషి. తెల్లారగానే కొండవాళ్ళ దగ్గర ఆవుపాలు తెచ్చిస్తారు. వస్తూనే పాపని ఎత్తుకుని ‘ఏవే బంగారుతల్లీ’ అంటారు. దానికీ ఆయనంటే ప్రాణం.” ఆమె తటపటాయించింది. “ఒకటి చెప్తే నవ్వుతారేమో. మా పిల్ల ఏడిస్తే ఎవరో ఒకరు పోతున్నారండీ.”

దేవదాసు నిజంగానే నవ్వబోయి ఆగాడు.

“ఎందుకేడుస్తది?” అన్నాడు జహీరుద్దీన్.

“బాబాయిగారు ఎత్తుకోకపోతే. ఒక్కోరోజు పాలచెంబు గుమ్మం బయటే పెట్టి వెనక్కి తిరుగుతారు. ఇది చేతులు చాపినా ముట్టుకోరు. జలుబట! జలుబైతే తలారా స్నానం చేసి, తడిపంచెతో వస్తారా ఎవరైనా? ఆ మాటే అంటే కసురుకున్నారు. గంగన్న పోయిన రోజూ, భీమన్న పోయిన రోజూ, మొన్న లింగన్న రోజూ ఇంతే. పొద్దున్న ఇది గుక్కపెట్టి ఏడవడం, మధ్యాహ్నానికి చావు కబురు.”

జహీరుద్దీన్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “నువ్వు ఇంటికి పో చెల్లె. ఈ మాట ఇంకెవ్వరికి చెప్పకు. తలుపు గొళ్ళెం పెట్టుకో.”

ఇద్దరూ తోటలో బావి దగ్గరికి వెళ్ళారు. అక్కడ పంపు నడిపే యాకూబ్ నిజామాబాద్ మనిషి. చనిపోయిన ముగ్గురితో ఒకే రూమ్‌లో ఉండేవాడు.

“పోయినేడు మంచుల మా తోటి కూలి రాజన్న సచ్చిపోయినప్పుడు ఆ ముగ్గురూ ఆన్నే ఉండిరి సార్. కొండ మీదికెల్లి జారిపడ్డడని కంపెనీకి చెప్పిరి. గానీ గంగన్న నిద్రల ‘జీపు, జీపు’ అని ఉలిక్కిపడుతుండె.”

“ఎవరి జీపు?”

“నాకు చెప్పలే. ‘ఊరికి పోతె రాజన్న పెండ్లానికి ఏం మొఖం చూపెట్టాలె, ఉన్నది ఉన్నట్టు చెప్తం’ అని మొన్నమొన్ననే ముగ్గురూ అనుకుండ్రు. అటెన్క ఒక్కొక్కడే పాయె.”

“ఈ బాయికాడ ఎవరన్న తానం చేస్తరా?”

“క్యాంపుల నల్లా ఉండంగ ఈ మంచుల ఎవడొస్తడు సార్? గానీ లింగన్న దొరికిన నాడు మెట్ల మీద సబ్బు ఉండె. మంచి వాసన సబ్బు.” యాకూబ్ సిగ్గుపడ్డాడు. “పారేయబుద్ధి గాలే. నేనే రుద్దుకున్న.”

జహీరుద్దీన్ బావిలోకి తొంగి చూశాడు. “దేవదాసూ, పోలీసు అధికారికి నా సలాం చెప్పి, ఈ బాయి అడుగు వెతికియ్యమను.”

“ఏం దొరుకుతుంది సార్?”

“ఒళ్ళు కడుక్కున్నోడు చేతిల ఉన్నది యాడ పారేస్తడు?”

మర్నాడు మధ్యాహ్నం కంపెనీ మెస్సులో అందరినీ కూర్చోబెట్టారు. ఒమానీ పోలీసు అధికారి, యాకూబ్, క్యాంపు కూలీలు, పాపతో శేషుకుమారి, నలగని తెల్లచొక్కాలో కామేశ్వరరావు. బల్ల మీద ఒక ఇనపకడ్డీ ఉంది.

“బాయిల దొరికిన జాకీకడ్డీ ఇది,” అన్నాడు జహీరుద్దీన్. “స్టోర్‌ల తాళమేసి పెట్టేది. తాళంచెవి కామేశ్వరరావుగారి దగ్గర్నే ఉంటది.”

“అయితే? స్టోర్‌లో దొంగలు పడరా ఏవిటి? నన్ననడానికి సిగ్గుండాలి,” అన్నాడు కామేశ్వరరావు.

“పడుతరు. అందుకే నేను కడ్డీతోని మొదలుపెడ్తలేను. పాపతోని మొదలుపెడ్త.”

శేషుకుమారి పాపను ఒళ్ళోకి లాక్కుంది.

“నేను ముసల్మాన్ని. అయినా కరీంనగర్‌ల మా పక్కింటోళ్ళను చూస్తనే పెరిగిన. పీనుగను ముట్టినోడు తానం చేస్తడు. చేసినా ఆ పూట పసిబిడ్డ ఉన్న గడప తొక్కడు. మూడు పొద్దులు మీరు తడిపంచెతోని వచ్చి, గుమ్మం బయటనే నిలబడ్డరు. శవాలు దొరికింది మంచు విడిచినంక, మధ్యాహ్నం. ఎవ్వరికీ తెల్వని చావు మైల తెల్లారంగనే మీకెట్ల అంటింది?”

కామేశ్వరరావు తెల్లచొక్కా అంచు సవరించుకున్నాడు.

“పోయినేడు రాజన్న కొండ మీదికెల్లి పడలే. స్టోర్ జీపు కింద పడ్డడు. ఆ జీపు నడిపేది మీరొక్కరే. చూసినోళ్ళు ముగ్గురు. వాళ్ళు నోరు తెరుస్తమనేసరికి మీకు దిక్కు తోచలే. బిడ్డకు మైల తగలొద్దనుకున్నరు. బిడ్డ తండ్రి మెడకు ఉరి తగిలితె పర్వాలేదనుకున్నరు.”

“అన్నీ ఊహలు!” కామేశ్వరరావు లేచాడు. “అమ్మాయ్, నువ్వైనా చెప్పవే, నేనలాంటివాణ్ణా?”

శేషుకుమారి లేచి అతని ముందుకు నడిచింది.

“బాబాయిగారూ, పాప తల మీద చెయ్యి పెట్టి నేను కాదనండి. చాలు. నేను నమ్ముతాను.”

పాప అతన్ని చూసి నవ్వి, రెండు చేతులూ చాపింది. కామేశ్వరరావు చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి పాప జుట్టు దాకా వచ్చి ఆగింది. అతను దాన్ని వెనక్కి లాక్కుని వీపు వెనక దాచుకున్నాడు.

“దాన్ని అవతలికి తీసుకెళ్ళమ్మా,” అన్నాడు.

తర్వాత కుర్చీలో కూలబడి తనే చెప్పాడు. జీపు వెనక్కి తిప్పుతుంటే మంచులో రాజన్న కనపడలేదట. “కాళ్ళు పట్టుకుని బతిమాలాను ముగ్గుర్నీ. ఒకడి నోరు మూశాక ఇద్దరు మిగిలారు. ఓ రోజు పాలిచ్చి వస్తూ, గుమ్మం పక్క మేకుకున్న టార్చి తీశాను.” అధికారి సైగ చేయగానే ఇద్దరు పోలీసులు అతన్ని బయటికి నడిపించారు. యాకూబ్ తల పట్టుకుని ఏడ్చాడు.

“ఆమె పిచ్చిభయం అనుకున్నాను సార్,” అన్నాడు దేవదాసు, జీపెక్కుతూ.

“భయపడేటోళ్ళకు అన్నీ కనపడతయిరా,” అన్నాడు జహీరుద్దీన్.

శేషుకుమారి ఇంటికి చేరి పొయ్యి మీద అన్నం పెట్టింది. పాప నిద్రపోయింది. కాగితాలు కాగానే భర్తను పంపిస్తామని అధికారి మాట ఇచ్చాడు. కానీ మాటలే కదా. సాయంత్రమయ్యేసరికి మంచు మళ్ళీ దిగి కిటికీలు తెల్లబడ్డాయి. అన్నం వార్చింది. చారు రెండుసార్లు వేడిచేసింది. అప్పుడు బయట జీపు ఆగిన చప్పుడు, తలుపు మీద చెయ్యి పడ్డ చప్పుడు.

“ఎవరూ?” అంది, గొళ్ళెం మీద చెయ్యి వేసి.

“నేనే, శేషూ.”

తలుపు బార్లా తెరిచింది. మంచు లోపలికి వస్తుందన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.