కడపటి కొండచరియ మీద కేక

ముత్యగిరి రాజ్యానికి సముద్రమే అన్నం పెట్టేది. జాలర్లు పాడుకుంటూ వేటకు వెళ్ళేవారు. ఆ పాటలకు నిద్ర చెడిందని శిలాకేశి అనే రాక్షసికి ఒళ్ళు మండింది. పడవలనూ మనుషులనూ కడపటి కొండచరియ కింద బండరాళ్ళుగా మార్చేసింది. రాజుగారు సేనను పంపితే, ఆ మహావీరులు సగం దారిలోనే తోక ముడిచారు.

దేముడనే జాలరి కూతురు నూకాలు మాత్రం ఊరుకోలేదు. రాయైపోయిన తండ్రి కోసం కొండగుహలోని ముని కాళ్ళమీద పడింది.

"కొండచరియల వెంట చివరిదాకా ఒంటరిగా నడువు తల్లీ. నోరు విప్పకు. మాట్లాడని మాటలన్నీ నీ గొంతులో బలమై నిలుస్తాయి. అక్కడ ఒక్క కేక వెయ్యి. ఎవరిని పిలిస్తే వాళ్ళు లేస్తారు" అన్నాడు ముని.

నూకాలు అసలే మాటలపుట్ట. అలాంటి పిల్ల నోరు కట్టేసుకుని నడవడమంటే మాటలా? ఒకపక్క నిటారు కొండ, మరోపక్క ఎక్కడో కింద హోరుమనే సముద్రం. కాలు జారితే అంతే సంగతులు. మోకాళ్ళు చీరుకుపోయినా "అమ్మా" అనడానికి లేదు. పొద్దు గుంకేవేళ ఎవరైనా "తిన్నావా?" అని అడిగితే బాగుండునని ఏడుపొచ్చేది.

ఒకనాడు ఒక నీటికాకి వెంటపడింది. "నీ పేరేటమ్మీ? చెప్పావంటే చివరిదాకా తోడొత్తాను" అంది.

నూకాలు ప్రాణం అటే లాగింది. అయినా పెదవి కొరుక్కుని నడిచింది. కాకి కాసేపు చూసి ఎగిరిపోయింది. ఆ రోజంతా ఆమె ఆకాశం వంక చూస్తూనే ఉంది.

చివరి చరియ ఎక్కేసరికి కింద నురగలో రాళ్ళు కనిపించాయి. పైన శిలాకేశి కూర్చుని ఉంది.

"పాపం, ఇంతదూరం నడిచావు. మీ అయ్యను పిలుచుకుని పో. మిగతావాళ్ళు నీకేమవుతారు?" అంది తియ్యగా.

"అయ్యా" అన్న మాట నూకాలు గొంతుదాకా వచ్చింది. దారి పొడవునా తలచుకున్నది ఆ ఒక్క మాటే. అంతలో, మంచు కమ్మిన రోజుల్లో ఒడ్డున నిలబడి పడవలను పిలిచే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. తమవాళ్ళ పేరు ఒక్కరూ ఎత్తరు. ఒకరినే పిలిస్తే మిగిలినవాళ్ళు దారి తప్పుతారని వాళ్ళ భయం. ఒంటరిగా ఉండడమంటే ఏమిటో నూకాలుకు ఇప్పుడు బాగా తెలుసు. అది ఇంకెవరికీ వద్దనుకుంది.

"అందరూ ఒడ్డుకొచ్చీండీ!" అని కేక వేసింది.

కొండ అదిరింది. రాళ్ళు పడవలయ్యాయి. జాలర్లు కళ్ళు నులుముకుంటూ లేచారు. శిలాకేశి చెవులు మూసుకుని సముద్రంలో దూకింది, మళ్ళీ తేలలేదు.

దేముడు గబగబా చరియ ఎక్కి వచ్చాడు. "నీకు తోడెవులొచ్చారే?" అన్నాడు.

"ఎవులూ లేరయ్యా" అంది నూకాలు. ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది.

రాజుగారు ఆ తీరానికి ఆమెనే ఏలికను చేశారు. అది తరువాతి సంగతి. ఆ రోజు మాత్రం అందరూ పడవ ఎక్కమన్నా ఎక్కకుండా, తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చిన దారినే ఇంటికి నడిచింది. దాచుకున్న మాటలన్నీ దారంతా చెబుతూనే ఉంది. దేముడు ఊఁ కొడుతూనే ఉన్నాడు.