వీపు మీద ఏడంకెలు

"ఆరు రోజులే టైముంది. ఏడో రోజు వాళ్లు నంబర్ లాగేస్తారు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఉడత కుర్చీలో కూర్చోలేదు. ట్రైనింగులో గోడ దూకమంటే పైపు పట్టుకుని మూడో అంతస్తు ఎక్కేసిందని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. ఇప్పుడామెకు నలభై రెండేళ్లు, కుడి మోకాలు నొప్పి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

బల్ల మీద ఫోటో పెట్టాడు చీఫ్. చెప్పుల డబ్బా అంత ఉక్కు పెట్టె. నెల క్రితం మన రాయబార కార్యాలయం నుంచి ఒక విదేశీ ముఠా కొట్టేసింది. లోపల ఒకే ఒక కాగితం, దాని మీద మారుపేర్లతో పరాయి దేశాల్లో బతుకుతున్న ఇరవై ముగ్గురి అసలు పేర్లు. ఏడంకెల తాళం. మూడుసార్లు తప్పు తిప్పితే లోపలి యాసిడ్ సీసా పగిలి కాగితం ముద్దయిపోతుంది. ముఠా ఇప్పటికే రెండుసార్లు తప్పు తిప్పి, మూడోసారికి ధైర్యం చాలక ఆగిపోయింది.

"ఆ తాళం వేసిందెవరో నీకు తెలుసు," అన్నాడు చీఫ్.

తెలుసు. వాళ్ల నాన్న. రిటైరైన కోడ్ ఆఫీసరు. మతిమరుపు ముదిరాక రెండేళ్ల క్రితం ఆయన్ని ఒక మెమరీ క్లినిక్‌లో చేర్పించింది ఉడతే. వేరే దేశం నుంచి, ఫోన్లోనే. ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు. ఆ క్లినిక్‌ను పోయిన నెల ముఠా కొనేసింది.

సంగతి చేరవేసింది అక్కడి డాక్టరమ్మ. ముఠా దగ్గర జీతం, మన దగ్గర జీతం, రెండూ తీసుకునే మనిషి. పెద్దాయన మంచం అంచున ఒక ఆయా అటు తిరిగి కూర్చుంటే, ఆయన ఆమె వీపు మీద వేలితో ఏవో అంకెలు రాస్తూ "ఎంతో చెప్పు, చిట్టీ" అన్నాడట. ఆయా అదిరిపడి లేచిపోయింది. కెమెరాలో అది చూసిన క్లినిక్ మేనేజరు, అంటే ముఠా నాయకుడు, కూతురి వేషం వేయడానికి ఒక నటిని వెతకమని డాక్టరమ్మకే చెప్పాడు. వీపు మీది రాతను చదివే సెన్సర్ షీటు ఏడో రోజుకి వస్తుంది.

"ఆ నటివి నువ్వే," అన్నాడు చీఫ్. "ఆయన్ని ఎత్తుకురావడం తేలికే. కానీ పెట్టె వాళ్ల దగ్గరే ఉండిపోతుంది, ఎప్పుడో ఒకప్పుడు కోసి తెరుస్తారు. మూడో తప్పు వాళ్ల చేతే చేయించాలి. ఆయన వేలికి వేరే నంబర్ నేర్పు. ఏడో రోజు పొద్దున్నకి నీకు నమ్మకం కుదరకపోతే చెప్పు. ఆయనకు ఆఖరి సూది వేసేవాళ్లని పంపిస్తా."

ఉడత సరేనంది. చిట్టి అంటే తనే. స్కూల్నుంచి రాగానే నాన్న ముందు వీపు పెట్టి కూర్చునేది. ఆయన ఏడంకెలు రాస్తే చెప్పాలి, తప్పు చెబితే అరచేత్తో తుడిచి మళ్లీ రాసేవాడు. రోజూ అదే నంబర్. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు! నంబర్ కాగితం మీద పెట్టకూడదని రూలు, పైకి పలకకూడదని రూలు, మరిచిపోకూడదనీ రూలే. ఆయనకు దొరికిన కాగితం కూతురి వీపు. దేశ రహస్యం ఎనిమిదేళ్ల పిల్లకు ఆటగా తెలిసిపోయిందని ఆ తండ్రికి తోచనే లేదు.

క్లినిక్ గేటు దగ్గర డాక్టరమ్మ ఎర్ర చీరలో, నల్ల కళ్లద్దాల్లో సినిమా పోస్టరులోంచి దిగినట్టు నిలబడి ఉంది.

"మీ వాచీ ఆగిపోయింది."

"ఆగలేదు. నేనే ఆపాను."

కోడ్ కుదిరింది. కారిడార్లో నడుస్తూ డాక్టరమ్మ పాఠం చెప్పింది. కొత్త విషయాలు దాచుకునే చోటు పెద్దాయన మెదడులో దాదాపు ఎండిపోయింది. చేతి అలవాట్లు ఉండే చోటు వేరు, అది ఇంకా బతికే ఉంది. గుర్తొచ్చిన ప్రతిసారీ జ్ఞాపకం కాసేపు మెత్తబడుతుంది. అప్పుడు దాని మీద ఇంకోటి రాసి, వెంటనే నిద్రపుచ్చితే ఆ రెండోదే గట్టిపడుతుంది.

"పాతది?" అడిగింది ఉడత.

"దానితోపాటు అతుక్కున్నవి కూడా పోతాయి," అంది డాక్టరమ్మ.

నాన్న కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. చూస్తే ఒళ్లు చేశాడు. ముఠా ఆయన్ని అరచేతుల్లో పెట్టుకుని చూసుకుంటోంది మరి. వేళకు నిద్ర, రెండు పూటలా నడక, బీపీ మాత్రలు, కొత్త చెవి మిషను, కబుర్లు చెప్పడానికో మనిషి. మెదడుకు ఏమేం మంచివో అన్నీ. కన్నకూతురు చేయని పనులన్నీ దొంగలు చేస్తున్నారని ఉడతకు సిగ్గేసింది. ఆ చెవి మిషన్‌లోకే డాక్టరమ్మ మన మైకు దూర్చింది.

"మీరు ఎవరి తాలూకండీ?" అన్నాడాయన.

ఉడత అటు తిరిగి కూర్చుంది. కాసేపటికి వేలు వీపును తాకింది. నాలుగు. ఒకటి. ఏడు. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత కూడా అదే ఒత్తిడి, ఏడు కింద అదే చిన్న వంకర. "ఎంతో చెప్పు, చిట్టీ" అన్నాడు. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

మేనేజరు బయటికి పిలిచి చీవాట్లు పెట్టాడు. "మరీ ఓవర్ యాక్షన్ చేస్తున్నావు. నిజం కూతుళ్లు అలా ఏడవరు."

మర్నాటి నుంచి ఆమె ఏడవలేదు. ఆయన రాయడం ముగించగానే, కెమెరాకు కనపడకుండా, ఆ వేలు పట్టుకుని తన అరచేతిలో ఎనిమిది, మూడు, అయిదు అంటూ కొత్త నంబర్ రాయించేది. "కాదమ్మా, ఇది కాదు" అని మొదట్లో గింజుకునేవాడు. ఇదే అనేది ఆమె. ఇరవై సార్లు, ముప్ఫై సార్లు. ఆ వెంటనే దుప్పటి కప్పి నిద్రపుచ్చేది. మూడో రోజు ఏడు కింది వంకర పోయింది. నాలుగో రోజు చిట్టీ అన్న పిలుపు అడిగితే గానీ రాలేదు. ఆరో రోజు అడిగినా రాలేదు. ఏ జబ్బూ ఇంత శ్రద్ధగా పని చేయదేమో.

ఏడో రోజు పొద్దున్న చీఫ్‌కు కబురు పంపింది, నమ్మకం కుదిరిందని. అది అబద్ధం.

పదకొండింటికి ఆమె జాకెట్టు లోపల వీపుకు సెన్సర్ షీటు అంటించారు. బల్ల మీద ఉక్కు పెట్టె, పక్కన లాప్‌టాప్, దాని ముందు మేనేజరు. నాన్న వేలు కదిలింది.

"నాలుగు," చదివాడు మేనేజరు. "ఒకటి. ఏడు."

ఏడు కింద వంకర కూడా వచ్చింది. ఇన్ని రోజులు తుడిచినా ఎక్కడో అడుగున మిగిలింది.

"చిట్టీ," అన్నాడాయన, ఎంతో సంతోషంగా. "వచ్చావా?"

ఇంకో నాలుగంకెలు. అవతల ఇరవై మూడు ప్రాణాలు.

"తప్పు, నాన్నా," అంది ఉడత.

వేలు ఆగిపోయింది. "తప్పా?"

"తప్పు."

ఆయన అరచేత్తో ఆమె వీపంతా మెల్లగా తుడిచేశాడు. ఎనిమిది. మూడు. అయిదు. అయిదు. సున్నా. రెండు. ఆరు.

"ఇప్పుడు సరిగ్గా ఉందాండీ?" అన్నాడు.

"ఉందండీ," అంది ఆమె.

మేనేజరు అనుమానంగా చూశాడు. మొదట రాసింది ఆయనే చెరిపేశాడుగా అంది డాక్టరమ్మ గోళ్లు చూసుకుంటూ. నీకేమనిపిస్తోందని అతను నటిని అడిగాడు. తనకు డైలాగులే తప్ప లెక్కలు రావంది ఉడత. అతను పెదవి కొరుక్కుంటూ ఒక్కో అంకే తిప్పాడు. ఆరు దగ్గర టిక్కుమంది, లోపల గాజు పగిలింది. అతని చెయ్యి పిస్తోలు మీదికి వెళ్లేలోగా ఉడత కుర్చీ విసిరింది. చెవి మిషన్‌లో అంతా వింటున్న మన వాళ్లు లాండ్రీ వ్యానులోంచి దిగి తలుపు బద్దలుకొట్టారు. ఈ గొడవంతా చూసి నాన్న బెదిరిపోయి, ఎవరైనా తనను ఇంటికి తీసుకెళ్తారా అని అడిగాడు. ఎవరి ఇంటికో చెప్పలేకపోయాడు.

సాయంత్రం చీఫ్ రెండు ఫారాలు ముందుకు తోశాడు. తండ్రి మొదట రాసింది అసలు నంబరేనని ఆమెకెలా తెలిసిందో అతను అప్పటికే కనిపెట్టాడు, కానీ అడగలేదు. నాశనమైన రహస్యాన్ని ఎరిగున్నవాళ్లు దాన్ని పూర్తిగా మరిచిపోయామని సంతకం పెట్టడం డిపార్ట్‌మెంట్ రూలు. పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన పెన్ను చేతికివ్వగానే సంతకం పెట్టి, ఈవిడ ఎవరండీ, పొద్దుట్నుంచీ నాతోనే ఉంది, పాపం మంచి మనిషి అన్నాడు. ఉడత కూడా పెట్టింది.

రెండు ఫారాలూ ఫైల్లో చేరాయి. వాటిలో ఒకటే నిజం.