కొలతల గదిలో మూడు మైక్రాన్లు

పంపులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో కొలతల గదికి మంచి పేరు లేదు. రాత్రి షిఫ్టు వాళ్లు దాని తలుపు ముందు నడవాల్సి వస్తే గోడౌన్ చుట్టూ తిరిగి వెళ్లేవారు.

గదిలో ఉన్నది ఒక నల్ల గ్రానైట్ బల్ల. మంచమంత పొడవు, జానెడు మందం. ఇనుము తుప్పు పడుతుంది, వంగుతుంది. గ్రానైట్ ఆ రెండూ చేయదు. అందుకే తయారైన ప్రతి ముక్కనూ దాని మీద పెట్టి కొలుస్తారు. ముక్కది తప్పు కావచ్చు, మనిషిది తప్పు కావచ్చు, బల్లది కాదు.

ముప్పై ఏళ్లు అక్కడ పనిచేసిన పెద్దాయన ఒక సాయంత్రం ఆ బల్ల అంచున తల వాల్చాడు… మళ్లీ ఎత్తలేదు.

ఆయన స్థానంలో వచ్చిన ఇన్‌స్పెక్టరు నాకు చెప్పిన సంగతి ఇది.

చేరిన వారం నుంచే పొద్దున ఆరింటి కొలతలు తేడా వచ్చేవి. సాయంత్రం సరిపోయిన ముక్క పొద్దున సరిపోదు. పదింటికి మళ్లీ సరిపోతుంది.

"రాయి ముప్పై ఏళ్లుగా ఉంది. నువ్వొచ్చి నెల," అన్నాడు మేనేజరు. "శనివారంలోగా తేల్చు. లేదా వేరే ఉద్యోగం చూసుకో."

గది ఊడ్చే ఆవిడ చీపురు ఆపి, గొంతు తగ్గించింది. "పెద్దాయన, బాబూ… ఇంకా డ్యూటీ దిగలేదు."

శుక్రవారం తెల్లవారుతూనే ఇన్‌స్పెక్టరు వచ్చి, ఈసారి బల్లనే కొలిచాడు. రెండేసి అంగుళాలకు ఒక చుక్క. డయల్ ముల్లు చూపిన అంకెలు గళ్ల కాగితం మీద వేసి, ఎత్తుగా ఉన్న చుక్కలు కలిపాడు.

తల. భుజాలు. నడుము… చాచిన రెండు కాళ్లు.

మూడు మైక్రాన్ల ఎత్తున, అంటే వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతున — మనిషి.

తల ఉన్నచోట చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది.

ఆ రాత్రి రెండింటికి తలుపు తోశాడు. చీకటి. ఏసీ రొద. బల్ల మీద తెల్లగా, పొడుగ్గా ఏదో… కదిలింది.

"లైటు వేయకు," అంది.

మేనేజరు గొంతు. దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు.

"ఇంట్లో మా బావమరిది కుటుంబం దిగిందయ్యా. నెలన్నర. ఏసీ గది వాళ్లది. ఇక్కడైతే రాత్రంతా నడుస్తుంది."

"మీ ఒంటి వేడికి రాయి ఉబ్బుతోంది సార్."

"ఎంత?"

"మూడు మైక్రాన్లు."

"అంతేనా! దానికా ఇంత గొడవ?"

"శనివారం గడువు పెట్టింది మీరే సార్."

మేనేజరు దుప్పటి మడత పెట్టాడు. "రేపట్నుంచి కుర్చీలో పడుకుంటా. నీ ఉద్యోగం నీది. రిజిస్టర్లో మాత్రం నా పేరు రాయకు."

కారణం అన్న గడిలో 'తెలియదు' అని రాశాడు ఇన్‌స్పెక్టరు. కొలతలు కుదుటపడ్డాయి.

పై వారం బావమరిది కుటుంబాన్ని దిగబెట్టడానికి మేనేజరు ఊరు వెళ్లాడు. మర్నాడు పొద్దున ఆరింటికి — ముల్లు మళ్లీ తేడా చూపింది.

చుక్కలు వేశాడు. కలిపాడు. ఈసారి కాళ్లు లేవు. ముడిచిన రెండు చేతులు, వాటి మీద వాల్చిన తల… బల్ల అంచున.

ఎత్తు కాదు. మూడు మైక్రాన్ల పల్లం.

వెచ్చబడితే ఉబ్బే రాయి, చల్లబడితే కుంచించుకుపోతుంది. అది అతనికి తెలుసు. అందుకే చెయ్యి పెట్టి చూడలేదు.

రిజిస్టరు తెరిచి, కారణం అన్న గడిలో మొదటిసారి మేనేజరు పేరు రాశాడు.