రాజకుమారి గొంతు

పోలింగ్ రోజు ఉదయం అయిదున్నరకు, అండమాన్‌లో ఉన్న ఏజెంట్ మణికుమార్‌కు ఢిల్లీ నుంచి బాస్ ఫోన్ చేశాడు. ఒక విదేశీ ముఠా ఏఐతో ఒక మనిషి గొంతును క్లోన్ చేసింది. సరిగ్గా ఏడింటికి ఆ గొంతు అండమాన్‌లో నలభై వేల ఫోన్లు మోగించి, సునామీ వస్తోంది, బూత్‌లు మూసేశారు, కొండెక్కండి అని చెబుతుంది. ఒకసారి సముద్రం చేతిలో అయినవాళ్లను పోగొట్టుకున్న జనం. ఓటు సంగతి అటుంచి, తొక్కిసలాటలో ప్రాణాలే పోతాయి.

"ఎవరి గొంతు సార్?"

"రేడియో అనౌన్సర్ రాజకుమారి. తెలుసా?"

"తెలుసు."

ఆరేళ్ల క్రితం వరకూ ఆమె అతని భార్య. ఎక్కడికి వెళ్తున్నాడో, ఎప్పుడొస్తాడో చెప్పలేని మొగుడితో విసిగి విడిపోయింది. ఆ సంగతి ఫైల్లో ఉంది. బాస్ ఫైలు చదవలేదు.

మణికుమార్ వాటర్ క్యాన్లు వేసేవాడి వేషంలో చాతం జెట్టీకి వెళ్లాడు. నల్లకళ్లద్దాలు, సిల్కు చీరతో క్యారొలిన్ నిలబడి ఉంది. ముఠాలో పనిచేస్తూ మనకు కబుర్లందించే డబుల్ ఏజెంట్.

"బాంబూఫ్లాట్ బోటు పోయిందా?" అన్నాడతను.

"నాకోసం ఆగింది," కోడ్ కలిపిందామె. లంబాలైన్‌లో ఎయిర్‌పోర్టు గోడ పక్కనున్న ఇంటి గుర్తులు, పాస్‌వర్డు చెప్పింది. "లోపల ఒక్కడే ఉన్నాడు భయ్యా. కరెంటు తీసినా ఆగదు, అక్కడి లాప్‌టాప్‌లోనే క్యాన్సిల్ కొట్టాలి. జల్దీ వెళ్లు."

ఆరూ యాభైకి తలుపు తీసినవాడి ఛాతీ మీద ఇరవై లీటర్ల క్యాన్ పడింది. వాడి చేతులు కట్టేసి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు మణికుమార్. పాస్‌వర్డు పనిచేసింది. కానీ క్యాన్సిల్ కొట్టగానే ఇంకో తాళం: ఆపమని గొంతుతో చెప్పాలి. అదీ రాజకుమారి గొంతుతోనే.

తెర మీది కౌంటర్‌లో ఇక యాభై సెకన్లు. క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఒక్క మాట టైప్ చేశాడు. స్పీకర్లోంచి ఆమె పలికింది.

"ఆపెయ్యి."

రెండు సెకన్లుండగా కౌంటర్ ఆగిపోయింది.

పోలీసులకు కబురు పెట్టాడు, వాళ్లు రావడానికి ఇంకా టైముంది. అతను ఇంకో మాట టైప్ చేశాడు.

"టిఫిన్ తిన్నావా?" అడిగింది రాజకుమారి.

"లేదు," అన్నాడు మణికుమార్, పైకే. ఫైళ్లన్నీ కాపీ చేసి సాక్ష్యానికి సీలు వేశాడు. తనకోసం ఏమీ ఉంచుకోలేదు.

బయట కారులో క్యారొలిన్ ఎదురుచూస్తోంది. ఎదుటి స్కూల్లోని బూత్ ముందు ఓటర్ల క్యూ పెరుగుతోంది. వచ్చావు కదా, ఓటేసి పొమ్మందామె.

అతని దగ్గర నాలుగు పేర్లతో నాలుగు పాస్‌పోర్టులున్నాయి. ఓటరు కార్డు మాత్రం ఒక్కటీ లేదు.