మా ఆయన ఆర్పేసే మూల

మా కుట్టుకొట్టులో వెనక మూలంటే అందరికీ హడలు. కొత్తగా చేరిన పనమ్మాయిలైతే అటు వీపు పెట్టి కూర్చోరు. అక్కడ ఏది వెలిగించినా ఆరిపోతుందని పేరు.

ఆ పేరు తెచ్చిపెట్టింది మా ఆయనే. బతికున్నన్నాళ్లూ ఆ మూలే ఆయన చోటు. ఎవరైనా కాలు అవతల పెడితే చాలు, టప్‌మని లైటు తీసేసేవాడు. ఒకసారి నేను లోపల సూదిలో దారం ఎక్కిస్తుండగానే తీసేశాడు. పోయాక కూడా ఆ చేతి దురద పోలేదని మా ఆడపడుచు వీధంతా టముకు వేసింది. నేను నవ్వేదాన్ని. పోయినవాడికి ఇంకా మా లైట్ల గోల ఎందుకే అని.

ఆ సాయంత్రం దాకా...

చీకటి పడుతోంది. ఎదురు బడి పిల్లల చొక్కాల మీద గుర్తు కుట్టి తెల్లారేసరికి ఇవ్వాలి. లేకపోతే ఆ పని ఇంకో కొట్టుకి పోతుంది. ఆ గుర్తూ, ఆయన గీసిన పూలూ లతలూ అన్నీ మూలనున్న కంప్యూటర్‌లోనే. అది తెరుచుకోకపోతే నా ఎంబ్రాయిడరీ మిషను ఉత్త ఇనుము.

మీట నొక్కాను. లోపల ఫ్యాను గిర్రుమంది... ఆగిపోయింది.

మళ్లీ నొక్కాను. గిర్రు— అంతే. ఎవరో నా వెనకే నిలబడి ఆపేసినట్టు.

"వదినా..." ఆడపడుచు చెవిలో గొణిగింది. "అన్నయ్యే."

నోర్మూసుకోమన్నాను. కానీ నా నోరే ఊరుకోలేదు. ఏవండీ, ఇకనుంచి లైట్లన్నీ నేనే ఆపుతాను, దీన్ని మాత్రం వదిలిపెట్టండి అని పనమ్మాయిలందరూ వింటుండగా బతిమాలాను. కాపురం చేసినన్నాళ్లూ ఆ మనిషిని ఒక్కనాడు బతిమాలిన పాపాన పోలేదు. ఇప్పుడు రేకు పెట్టెకి దణ్ణం పెట్టాను.

మెకానిక్ వచ్చాడు. లోపలికి కరెంటు ఇచ్చే డబ్బా మార్చాడు. గిర్రు— ఆగింది. అడుగున పలకలాంటిది ఉంటుందిగా, మదర్‌బోర్డు, దాన్ని విప్పి బయట అట్టముక్క మీద పెట్టి తీగలు తగిలించాడు. శుభ్రంగా నడిచింది. మళ్లీ పెట్టెలో బిగించాడు.

చచ్చింది.

"బయట బతుకుతోంది... పెట్టెలో పెడితేనే..." అని తల గోక్కున్నాడు.

"పెట్టె అన్నయ్య కొన్నదే," అంది ఆడపడుచు, గుసగుసగా.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. అతను మాత్రం బోర్డు మళ్లీ విప్పి, పెట్టెని ఎత్తి బోర్లించాడు. గలగలా... గలగలా...

గుండుసూదులు.

బోర్డు వెనక ఇనుము తగిలితే కరెంటు అడ్డదారి పడుతుందట. ఒళ్లు కాలకుండా కంప్యూటర్ తనంతట తనే ఆగిపోతుందట. సూదులన్నీ దులిపి బిగించాడు. మీట నొక్కాడు. గిర్రుమంది... ఆగలేదు. తెర మీద మా ఆయన గీసిన లత విచ్చుకుంది.

"పైన చిల్లులు గాలి కోసం అమ్మా," అన్నాడు. "వాటిల్లో సూదులు గుచ్చింది ఎవరు?"

ఎవరేమిటి! కుడుతుంటే చేతికందే ఎత్తు, పైన అన్నేసి చిల్లులు. సూదులు గుచ్చుకోడానికే పెట్టారనుకున్నాను. జారి లోపల పడ్డవాటికి లెక్కలేదు. నా సూదులు ఎవత్తె ఎత్తుకుపోతోందని పనమ్మాయిల్ని రోజూ తిట్టిపోసేదాన్ని కూడా. ఇప్పుడు వాళ్లంతా నా మొహమే చూస్తున్నారు.

"మా ఆయనేనండీ," అన్నాను. పోయినవాళ్లు కాదనరు కదా.

టప్—

మూలన లైటు ఆరిపోయింది. స్విచ్చు దగ్గర ఎవరూ లేరు. ముందుగదిలో లైటు వెలుగుతూనే ఉంది. కంప్యూటర్ నడుస్తూనే ఉంది...

"నేనేనండీ గుచ్చింది," అన్నాను.

మెకానిక్‌తో కాదు.