టేబుల్ కింద పెళ్లికూతురు

పెళ్లిచూపులకని ఇబ్రహీంపట్నం వచ్చిన సుశాంత్, అరవై అయిదు అంగుళాల టీవీ ఎదురుగా కూర్చున్నాడు. పెళ్లికూతురు అందులోంచే రావాలి.

అమ్మాయి హర్షిత ఫ్రాన్స్‌లో ఉంది. బయోడేటాలో ‘ప్రొఫెసర్, ఫ్రాన్స్’ అని రాసుంది. ఆ మాట చదివినప్పటినుంచీ సుశాంత్‌కు నిద్ర లేదు. ఎందుకంటే అతని బయోడేటాలో ‘ఏరోస్పేస్ సైంటిస్ట్’ అని ఉంది. అది వాళ్లమ్మ వేదవతి రాసింది. అతను ఆదిభట్లలో విమానం విడిభాగాల కంపెనీలో బోల్టులు సరిగ్గా బిగిశాయో లేదో చూస్తాడు. ఇంతకుముందు ఏడు సంబంధాలవాళ్లు పెళ్లిచూపులయ్యాక రెండో ఫోన్‌లో “ఏ రాకెట్?” అని అడిగి, మూడో ఫోన్ చేయలేదు.

“మా బిడ్డకు పొద్దుగాల పదింటికి ఖాళీ. మనకు రెండున్నర. మస్తు లెక్కగట్టి పెట్టిన,” అన్నాడు అమ్మాయి తండ్రి విద్యాసాగర్, టీవీకి ఫోన్ కలుపుతూ.

లెక్క సరైనదే, పోయిన శనివారం దాకా. ఆదివారం ఫ్రాన్స్‌లో అందరూ వేసవి కోసం గడియారాలు ఒక గంట ముందుకు జరుపుకున్నారు, అక్కడిప్పుడు పదకొండు. దేశం మొత్తం అలాంటి పని చేస్తుందని విద్యాసాగర్ కలలో కూడా అనుకోలేదు.

రింగు రెండుసార్లు మోగింది. అవతల హర్షిత ల్యాప్‌టాప్‌లో ఏదో చిన్న వేలు నొక్కి ఎత్తింది. టీవీ నిండా ఇరవై మంది తెల్ల పిల్లలు.

“ఏమండీ, పిల్లలున్నారేంటండీ,” అంది వేదవతి భర్త చెవిలో.

“ప్రొఫెసర్ కదే. ఉంటారు,” అన్నాడు జనార్దనరావు. ఆయన నోట్లో అప్పటికే రెండో లడ్డు ఉంది.

“వేర్ ఈజ్ ది బఫెలో?” అని ఒక ఆడగొంతు వినిపించింది, మనిషి కనిపించలేదు.

“అండర్ ది టేబుల్,” అంది క్లాసంతా.

టేబుల్ కిందనుంచి ముందు రెండు నల్లకాగితం కొమ్ములు లేచాయి. వాటి కింద పాపిడిబిళ్ల, మల్లెపూలు లేని జడ, ఆకుపచ్చ పట్టుచీర. మోకాళ్ల మీద సుద్దపొడి.

సోఫాలో ఉన్న హర్షిత నాయనమ్మ వజ్రమ్మ కళ్లజోడు సర్దుకుంది. “గిదేందిరా సాగరూ, పిల్ల బర్రె అయింది.”

హర్షిత స్క్రీను చూసింది. నవ్వు చెదరనీయకుండా, పెదాలు కదలకుండా తెలుగులో అంది, “బాపు, నేను క్లాసుల ఉన్న. వెనక మేడమ్ కూసుంది. అక్టోబర్ల నన్ను మళ్ల పిలవాల్నా వద్దా అని ఇయ్యాలనే రాస్తది. జర పెట్టెయ్.”

వెనక బెంచీలో పొట్టిజుట్టావిడ నిజంగానే ఏదో రాస్తోంది. విద్యాసాగర్ కంగారుగా రిమోట్ నొక్కాడు. సౌండు పెరిగింది.

“మిస్, హూ ఈజ్ హీ?” అని ముందు వరసలో పిల్ల సుశాంత్‌ను చూపించింది.

హర్షిత సుశాంత్ వైపు చూసింది. సుశాంత్ పెళ్లిచూపుల చూపులు ఏడు చూసినవాడు. ఇది వాటిలో దేనికీ సరిపోలేదు. లిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు పక్కమనిషిని చూసే చూపు ఇది.

అతను లేచి నిలబడ్డాడు. “గుడ్ మార్నింగ్. అయామ్ ది గెస్ట్. ఆస్క్ మీ క్వశ్చన్స్.”

ఇరవై చేతులు లేచాయి. వెనకావిడ పెన్ను ఆపి తలెత్తింది.

“వాట్ ఈజ్ యువర్ జాబ్?”

వేదవతి కొడుకు చొక్కా కొస పట్టుకుని లాగింది. “సైంటిస్ట్ అని చెప్పరా.”

సుశాంత్ కొమ్ముల కింద ఉన్న ఆ ముఖం చూశాడు. బర్రెగా మారిన మనిషి ముందు సైంటిస్టుగా నిలబడటం అతనికి బాగోలేదు.

“ఐ చెక్ బోల్ట్స్,” అన్నాడు. “ఫోర్ హండ్రెడ్ బోల్ట్స్ ఎవ్రీ డే. ఇఫ్ గుడ్, ఐ పుట్ ఎ గ్రీన్ డాట్.”

క్లాసంతా చప్పట్లు. ఇబ్రహీంపట్నంలో జనార్దనరావు లడ్డు మింగలేకపోయాడు.

“కెన్ యు కుక్?”

“ఉప్మా. నాట్ గుడ్.”

“డూ యు లైక్ అవర్ మిస్?”

ఆ ప్రశ్న పాఠంలో లేదు. హర్షిత కొమ్ములు ఒక పక్కకు జారాయి.

“యెస్,” అన్నాడు సుశాంత్.

“సిన్స్ వెన్?”

అతను నిజాయితీగా గోడ గడియారం చూశాడు. “సిక్స్ మినిట్స్.”

హర్షిత మళ్లీ టేబుల్ కిందికి వెళ్లిపోయింది. ఈసారి పాఠం కోసం కాదు. అప్పుడు దొరికింది విద్యాసాగర్‌కు ఫోన్ కట్ చేసే బటన్.

వేదవతి సంచిలోంచి అమ్మాయి బయోడేటా తీసింది.

“ప్రొఫెసర్ అన్నారండీ,” అంది వేదవతి.

“బడిల ఇంగ్లీష్ చెప్పే అసిస్టెంట్. గట్ల రాస్తే దవాఖానల టోకెన్లు రాసే పిల్లనా అంటరని మార్చిన,” అన్నాడు విద్యాసాగర్. “మరి మీరు సైంటిస్ట్ అంటిరి.”

“బోల్టుల్లో కూడా సైన్స్ ఉందండీ,” అన్నాడు జనార్దనరావు నేల చూస్తూ.

వజ్రమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “అబద్ధం ఇద్దరు సమంగ ఆడిండ్రు. ఎవ్వరికి తక్కువ లేదు, ఎక్కువ లేదు. ఇగ పిల్లలు జెప్పాలె. ఛాయ్ తాగుండ్రి.”

సాయంత్రం బడంగ్‌పేట్‌లో ఇంటికి తిరిగి వెళ్తుంటే, ఆదిభట్ల దగ్గర కంపెనీ బస్సుల వెనక కారు ఆగిపోయింది. సుశాంత్ ఫోన్ మోగింది.

“నేను, హర్షిత. పదింటికి చీర కట్టుకోని కూసున్న. ఎవ్వరు చేయలె. ఫొటో నచ్చలేదేమో అనుకోని, బట్టలు మార్చే టైం లేక క్లాసుకు వోయిన.”

“ఫొటో నచ్చిందండీ. ప్రొఫెసర్ అనే మాటకే భయపడ్డాను.”

“నేను సైంటిస్ట్ అంటే భయపడ్డ. బాపును వద్దని చెప్పమందాం అనుకున్న.” అవతల ఏదో కాగితం మడిచిన చప్పుడైంది. “మేడమ్ మంచిగ రాసింది. అక్టోబర్ల మళ్ల పిలుస్తరు. పోతే ఏడు నెలలు ఉండాలె. బాపు ఇంకేం అడుగుతలేడు, మీరేమంటరో అంటున్నడు.”

ముందు సీట్లో వేదవతి వెనక్కి తిరిగి చూడకుండా చెవి మాత్రం తిప్పింది.

“వెళ్లండి,” అన్నాడు సుశాంత్.

“పొమ్మంటున్నరా, వద్దంటున్నరా?”

“వెళ్లి రమ్మంటున్నాను. వారానికొకసారి గెస్ట్ అవసరం ఉంటుందా?”

“పిల్లలు గదే అడుగుతుండ్రు. మంగళవారం మంగళవారం రావాలట. సెలవులు తీసేస్తే ఇరవై నాలుగు క్లాసులు.”

“ప్రతిసారీ పెళ్లెప్పుడని అడుగుతారు మీ క్లాసు పిల్లలు.”

“ఇరవై మూడుసార్లు మనం మాట మారుద్దాం.”

“ఇరవై నాలుగోసారి?”

అవతల నవ్వు వినిపించింది. అచ్చంగా ఇబ్రహీంపట్నం నవ్వు, ఫ్రాన్స్ కలవనిది.

“గప్పుడు తారీఖు బోర్డు మీద రాస్త. పిల్లలు నోట్సుల ఎక్కించుకుంటరు.”