నలభై టూల్స్ మూట

"నలభై టూల్స్ అన్నారు. ఇందులో స్క్రీన్‌షాట్ తీసేవే ఆరున్నాయేంటండీ?"

కీర్తి మొదటి ప్రశ్నకే విజయేందర్ కంగుతిన్నాడు. ఆబిడ్స్‌లో కంప్యూటర్లు రిపేర్ చేసే అతను, లినక్స్ వాడేవాళ్లకు పనికొచ్చే చిన్న సాఫ్ట్‌వేర్లన్నీ ఏరి, ఒకే ప్యాక్‌గా కట్టి నాంపల్లిలోని ట్రైనింగ్ సెంటర్‌కు తెచ్చాడు. విద్యార్థులకు ఏ ప్యాక్ ఇవ్వాలో పరీక్షించి తేల్చేది కీర్తే.

"ఎక్కువుంటె మంచిదే గద మేడం? ఎవరికి నచ్చింది వాళ్లు వాడుకుంటరు."

"కొత్తవాళ్లు దడుచుకుంటారు. తగ్గించి తీసుకురండి."

అంత చక్కగా కోప్పడే మనిషిని అతను అంతవరకు చూడలేదు. ఆ వారంలో నాలుగుసార్లు వచ్చాడు. మొదటిసారి నిజంగా పని మీదే వచ్చాడు. మిగతా మూడుసార్ల సంగతి సెంటర్లో అందరికీ తెలుసు. ఆమె ఫైళ్లు డిలీట్ చేసి మళ్లీ వెనక్కి తెప్పించేది, నెట్ తీసేసి ఏది ఆగిపోతుందో చూసేది. అతను ఆమెను చూసేవాడు.

"స్క్రీన్ అటుందండీ," అనేది నవ్వు ఆపుకుంటూ.

"ఔ మేడం, చూస్తున్న."

చివరికి పన్నెండు టూల్స్ మిగిలాయి. పాత కంప్యూటర్ మీద కూడా ఒక్కటీ మొరాయించలేదు. వాన కురుస్తున్న సాయంత్రం అతను ఫలితం కోసం వచ్చేసరికి, కీర్తి కాగితాలన్నీ పక్క టేబుల్ దగ్గరున్న సీనియర్ ట్రైనర్ వామన్‌రావు ముందు పెడుతోంది.

"మీ ప్యాక్ ఇక సారే చూస్తారు. నేను తప్పుకున్నాను."

అతని మొహం వాడిపోయింది.

"రోజూ వచ్చి సతాయించిన్నా మేడం? ప్యాక్ పోతె పోనీ, దాని ఫికర్ లేదు. మీరు నన్ను చూడనే వద్దనుకుంటె మాత్రం తట్టుకోలేను. మీరంటె నాకిష్టం."

వామన్‌రావు కాగితాల్లోకి తల దూర్చాడు.

కీర్తి, పరీక్షించినవాళ్లు సంతకం పెట్టాల్సిన ఫారం తీసి, చివరి వరుస మీద వేలు పెట్టింది. 'తయారుచేసినవారు నాకు బంధువులు గానీ, కావలసినవారు గానీ కారు.' దాని కింద సంతకం లేదు.

"పొద్దుటి నుంచి పెన్ను పట్టుకుని కూర్చున్నానండీ. బంధువు కాదు, నిజమే. రెండోది మాత్రం కాదని సంతకం పెట్టలేకపోయాను."

విజయేందర్ ఆ వరుసను రెండుసార్లు చదివాడు.

"ప్యాక్ నేను చూస్తగని," అన్నాడు వామన్‌రావు తలెత్తకుండానే, "మీరిద్దరు జర బయటికి పోయి మాట్లాడుకోన్రి."

వరండాలో జల్లు కొడుతోంది. ఇద్దరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"మరి బంధువు కాదన్న ఆ మొదటిది గూడ కొట్టేద్దమా?" అడిగాడు మెల్లగా.

"ఆదివారం నాన్నగారు ఇంట్లోనే ఉంటారు," అంది కీర్తి.